అత్తయ్య కోసం నీళ్ళు వెతికిన ఏడాది

మా అత్తయ్య పోయారు. ఆ కబురు నాకు తాడేపల్లిగూడెం స్టేషన్లో అందింది. అరుణాచలం వెళ్ళే బృందాన్ని రైలెక్కించి, అందరూ ఎక్కారో లేదోనని కిటికీల వెంట తలలు చూసుకుంటూ నడుస్తున్నాను. ఫోన్లో మా ఆయన, "అమ్మ పోయింది. ఏలూరు వచ్చెయ్," అన్నారు. ఫోన్ మాత్రం పెట్టెయ్యలేదు. ప్లాట్‌ఫాం మీద నిలబడి ఆయన ఊపిరి వింటూ ఉండిపోయాను. రైలు కదిలింది. కిటికీలోంచి ఒకావిడ, "మా కింద బెర్తు సంగతి ఏం చేశారండీ?" అని అడుగుతూనే వెళ్ళిపోయింది.

అత్తయ్య పొద్దున్నే కాఫీ తాగి, గ్లాసు తానే తడుముకుంటూ పంపు దగ్గరికి తీసుకెళ్ళి, కడిగి బోర్లించి, వచ్చి గోడకి ఆనుకుని కూర్చున్నారట. గుండె ఆగిందన్నారు డాక్టరుగారు. ఎవరిచేతా ఒక్కపూట సేవ చేయించుకోకుండా వెళ్ళిపోయారు, ఆవిడ మొండితనం ఆవిడది. పెద్దకర్మ కూడా అయిపోయింది. వచ్చినవాళ్ళంతా, "పాపం, చివరి ఏడాదిన్నర చూపు లేక చాలా అవస్థపడ్డారు, ఏం చూశారు జీవితంలో," అని ముక్కు చీది, బూరెలు తిని వెళ్ళారు. వాళ్ళకి జవాబు చెప్పే ఓపిక ఆ రోజు నాకు లేదు. ఆవిడ ఏం చూశారో ఇప్పుడు మీకు చెబుతాను.

మీలో కొల్లేరు చూసినవాళ్ళు ఉండే ఉంటారు. మనలో చాలామంది చూసింది వంతెన మీంచి, కొంగలొచ్చే కాలంలో, చేతిలో జామకాయ ముక్కల పొట్లంతో. మా అత్తయ్య ఎరిగిన కొల్లేరు అది కాదు. ఆవిడ కొల్లేటికోటలో పుట్టి, అక్కడే మావయ్యగారిని చేసుకుని, మొలలోతు నీళ్ళలో వంగి చేత్తో చేపలు పట్టిన మనిషి. వల లేదు, గాలం లేదు. కిక్కిస గడ్డి మొదళ్ళలో, బురదలో చేతులు పెట్టి, కొర్రమేను ఎటు తల పెట్టుకుని పడుకుందో వేళ్ళతోనే కనిపెట్టి, మొప్పల దగ్గర ఒడిసిపట్టేవారు. లోతైతే మునిగి పట్టేవారు. పెళ్ళిచూపుల్లో మావయ్యగారు పిల్ల మొహం చూడలేదట, చేతులు చూసి సరేనన్నారట. ఈ మాట చెప్పినప్పుడల్లా సిగ్గుపడి, చేతులు పమిట కింద దాచుకునేవారు.

నేను కోడలిగా వచ్చేసరికి ఆవిడ నీళ్ళు వదిలేసి చాలా ఏళ్ళయింది. కొడుకుని తీసుకుని ఏలూరు వచ్చేసి, నాలుగిళ్ళలో పనిచేసి చదివించారు. నేను ఇంట్లోంచి ఆఫీసుకి బయలుదేరుతుంటే రోజూ గుమ్మంలో నిలబడి, "గ్యాసు ఆపావా? ఫోను పట్టుకున్నావా? నేను బతికే ఉన్నానా, చూసుకున్నావా?" అనేవారు. చేపల బజారుకి ఆవిడతో వెళ్ళడం నాకు పరువు తక్కువగా ఉండేది. ప్రతి చేపనీ నొక్కి, మొప్ప ఎత్తి, "ఇది నిన్నటిది కాదు, మొన్నటిది," అని అందరూ వినేలా అనేవారు. మొదట్లో నేను పుట్టింటి మీద బెంగతో ఏడిస్తే ఓదార్చలేదు. చెంబు తెచ్చి ముందు పెట్టి, "ఏడిస్తే ఏడువుగానీ, ముందు కాసిని నీళ్ళు తాగు. గొంతెండిపోద్ది," అన్నారు. మా అమ్మ కూడా నన్ను అంత బాగా ఏడవనివ్వలేదు.

చూపు సంగతి మొదట కనిపెట్టింది నేనే. కాఫీ గ్లాసులో కాకుండా పక్కన పోశారు. ఒకరోజు గుమ్మం పక్కన నిలబడ్డ నన్ను దాటుకుని వెళ్ళిపోయి, లోపల నా కోసం వెతికారు. కంటి డాక్టరుగారు నీటికాసులన్నారు, అంటే గ్లకోమా. పక్కచూపు అప్పటికే పోయిందట. పోయింది రాదు, ఉన్నది ఎంతకాలం నిలబడుతుందో చెప్పలేం, ఏడాది కావచ్చు అన్నారు. చుక్కల మందు రాసిచ్చారు. ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూ అత్తయ్య అడిగారు.

"అమ్మాయ్, నువ్వు జనాన్ని ఊళ్ళు తిప్పుతావు గదా. నీళ్ళ లోపల చూపించే ఊరేదన్నా ఉందా?"

నాకర్థం కాలేదు. "విశాఖపట్నంలో గాజు తొట్లలో చేపలుంటాయండీ, వెళ్దామా?" అన్నాను.

"తొట్టిలో కాదే. మనం లోపలుండి చూడాలి. నీళ్ళల్లో ములిగిన మనిషికి ఏం కనపడుద్దో అది."

అప్పుడు చెప్పారు. మావయ్యగారు వరదల్లో పడవ బోల్తాపడి పోయారని నాకు తెలుసు. అంతవరకే తెలుసు. పడవ తిరగబడిందని తెలిశాక అత్తయ్య కూడా నీళ్ళలో దిగారట. మిగతావాళ్ళు వాసాలతో వెతుకుతుంటే ఈవిడ మునిగి, గడ్డిలో, బురదలో చేతులతో వెతికారట. చీకటిపడే దాకా మునుగుతూ లేస్తూనే ఉన్నారట. బలవంతాన ఒడ్డుకి లాక్కొచ్చారట. మర్నాడు మావయ్యగారు ఇంకోచోట వేరేవాళ్ళకి దొరికారు.

"చేతులకి దొరకలేదే. చేపలన్నీ దొరికినియ్యి, ఆయన దొరకలేదు," అన్నారు అత్తయ్య. "ఇన్నేళ్ళూ నాకు ఒకటే గోల. లోపలంతా చీకటేనా అమ్మాయ్? ఆయన ఎళ్ళేప్పుడు అంతా చీకట్లోనే ఎళ్ళారా? ఈ కళ్ళు ఉండగానే అదొక్కటీ తెలుసుకోవాలే."

అన్నవరం, కాశీ, షిర్డీ తిప్పే నా ఆఫీసులో ఆ ప్రశ్నకి ప్యాకేజీ లేదు. కానీ ఆ రోజు నుంచి నాకు వేరే పని మీద ధ్యాస లేదు. గోడ మీద ఆసియా ఖండం పటం ఉండేది, ఆఫీసుకి అందంగా ఉంటుందని పెట్టిందే. దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. తెలిసిన ఏజెంట్లందరికీ ఫోన్లు చేశాను. మాల్దీవులు, థాయిలాండు, ఫిలిప్పీన్స్, ఇండోనేషియా, అటు చివర ఎర్రసముద్రం ఒడ్డున జోర్డాను. ఇవన్నీ వెచ్చని నీళ్ళు, పగడపు దిబ్బలు, రంగురంగుల చేపలు. చల్లని నీళ్ళవైపు చూస్తే జపాను, కొరియా, ఇంకా పైకి వెళితే సైబీరియాలో అడుగు కనిపించేంత తేటగా ఉండే పెద్ద సరస్సు. ఒక్కోదాని వీడియో ఫోన్లో పెట్టి, ఆవిడకి చూపు మిగిలిన మధ్యభాగానికి ఎదురుగా పట్టుకునేదాన్ని.

అత్తయ్య ఓటు చన్నీళ్ళకే. "చలికాలంలోనే కొల్లేరు కాస్త తేటపడేది. ఎచ్చటి నీళ్ళల్లో ఏముంటదే, నాచు తప్ప," అనేవారు. కొరియాలో ఒక దీవిలో ముసలమ్మలు గాలి సిలిండర్లు లేకుండా, ఊపిరి బిగబట్టి సముద్రంలో మునిగి గవ్వలూ నాచూ తెస్తారు. ఆ వీడియో ఆవిడకి ప్రాణం. "ఈళ్ళు మన కొల్లేటోళ్ళే. ఎప్పుడో వరదకి కొట్టుకుపోయుంటారు," అని తీర్మానించారు. నవ్వుకున్న రోజులు అవే చివరివి.

తర్వాత ఒక్కో ఊరూ చెయ్యి జారిపోవడం మొదలైంది. గాలి సిలిండరు కట్టుకుని లోతుకి దిగడం అసలు కుదరదన్నారు కంటి డాక్టరుగారు. నీళ్ళ మీద తేలుతూ, అద్దాల మాస్కు వదులుగా పెట్టుకుని, నోట్లో గొట్టంతో గాలి పీలుస్తూ కిందికి చూడటమైతే, అదీ కొద్దిసేపైతే, సరేనన్నారు. గుండె డాక్టరుగారు చన్నీళ్ళ మాట ఎత్తొద్దన్నారు. అంటే జపాను లేదు, కొరియా ముసలమ్మలు లేరు, సైబీరియా లేదు. ఇక వెచ్చని నీళ్ళు. పాస్‌పోర్టుకి వెళితే ఆవిడ పేరు ఒక కాగితంలో ఒకలా, ఇంకో కాగితంలో ఇంకోలా ఉంది. పుట్టిన తేదీ కొల్లేరుకే తెలియాలి. సరిచేయించుకుని రమ్మన్నారు, ఎన్ని నెలలు పడుతుందంటే ఎవరూ చెప్పలేదు. అలా మాల్దీవులు, థాయిలాండు, తక్కిన దేశాలన్నీ పోయాయి. ఇక మన దేశం. లక్షద్వీప్‌కి పర్మిట్ వస్తే ఓడ లేదు, ఓడ ఉంటే పర్మిట్ లేదు. కర్ణాటక తీరంలో ఒక దీవి ఉంది, అక్కడ పడవలోంచి లోతు నీళ్ళలోకి దూకాలి. చివరికి మిగిలింది అండమాన్లో ఒక చిన్న దీవి. అక్కడ ఒడ్డు నుంచి నడుచుకుంటూ వెళితే చాలు, పగడాలు కనిపిస్తాయన్నారు. కానీ వానాకాలం దాటాలి, అప్పటిదాకా నీళ్ళు కలక.

ఆ వానాకాలం ఎలా గడిచిందో చెప్పలేను. నేను సీజను కోసం కూర్చున్నాను, అత్తయ్య చూపు నా సీజను కోసం ఆగలేదు. మొదట మనిషి మొత్తం కనిపించేవాడు, తర్వాత మొహం, ఆ తర్వాత మొహంలో ముక్కు. ఆవిడ నన్ను చూడాలంటే తల అటూ ఇటూ తిప్పి వెతుక్కునేవారు. మొక్కని దేవుడు లేడు. ఆఫీసులో కూర్చుని వాతావరణం చూస్తూ, అడిగినవాళ్ళకి తిరుపతి టికెట్టుకి బదులు షిర్డీ టికెట్టు చేసి తిట్లు తిన్నాను.

చుట్టాలు ఊరుకోలేదు. "కంటికి మంచి వైద్యం చేయించక, సముద్రం చూపిస్తానంటదేంటండీ ఈ పిల్ల?" అన్నారు. అంతకంటే కష్టమైనది మా ఆయన మాట. ఆయన చేపల మేత డిపోలో పనిచేస్తారు. రోజంతా చెరువుల మధ్యే ఉంటారు కానీ, జీవితంలో ఒక్కసారీ నీళ్ళలో కాలు పెట్టలేదు. గోదావరి పుష్కరాలకి కూడా చెంబుతో నెత్తిన పోసుకుని వచ్చిన మనిషి. "మా నాన్నని మింగింది చాలదా? ఇప్పుడు మా అమ్మని కూడా తీసుకెళ్ళి నీళ్ళకి అప్పజెప్తావా?" అని మొదటిసారి నా మీద గొంతు లేపారు. నేనూ లేపాను. చివరికి సంచులు మోయడానికి మాత్రమే వస్తానన్నారు, అలాగే వచ్చారు.

వానలు తగ్గాక చెన్నై దాకా రైల్లో, అక్కడినుంచి విమానంలో, ఆపైన ఓడలో ఆ దీవికి చేరాం. లాడ్జి నడిపేది శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడిన పెద్దాయన. అత్తయ్యని చూసి, "అమ్మా, మీరు కూడా దిగుతారేటి?" అని నోరు తెరిచాడు. నీళ్ళలోకి తీసుకెళ్ళేది నడివయసు బెంగాలీ గైడు. అతనికి తెలుగు రాదు, అత్తయ్యకి తెలుగు తప్ప రాదు. మొదటిరోజు ఆవిడకి తేలే జాకెట్టు తొడిగి, మాస్కు పెట్టి, రబ్బరు ట్యూబు పట్టించి, జాగ్రత్తగా తీసుకెళ్ళాడు. నేను ఒడ్డునుంచి చూస్తున్నాను. మా ఆయన అటు వీపు పెట్టి కూర్చున్నారు. అత్తయ్య మొహం నీళ్ళలో పెట్టి చాలాసేపు ఉన్నారు.

తిరిగొచ్చాక పరిగెత్తాను. "ఎలా ఉందండీ?"

"బానే ఉందమ్మా."

"ఏ రంగు చేపలున్నాయి?"

"చేపరంగు చేపలే."

ఏదో తేడాగా అనిపించింది. నేనూ ఒక మాస్కు తగిలించుకుని, ఆవిడ పక్కనే మళ్ళీ దిగాను. మొహం నీళ్ళలో పెట్టి పక్కకి తిరిగి చూశాను. అద్దం వెనకాల మా అత్తయ్య రెండు కళ్ళూ గట్టిగా మూసుకుని ఉన్నారు.

కొల్లేటి నీళ్ళలో ఎవరూ కళ్ళు తెరవరు. బురద, గడ్డి ఆకుల అంచులు, పైగా తెరిచినా ఏమీ కనిపించదు. మొహానికి నీళ్ళు తగిలే లోపలే కళ్ళు మూసుకోవాలని నడక నేర్పేటప్పుడే నేర్పుతారు. చూడాల్సింది చేతులే. నేను ఖండమంతా గాలించి తేటనీళ్ళు వెతికాను. చలివి, వెచ్చనివి, లోతువి, లోతు లేనివి. ఆ నీళ్ళలో మా అత్తయ్య కళ్ళు తెరుస్తారా అన్నది నాకు తట్టనేలేదు. ఆవిడకీ తట్టలేదు.

"తెరుద్దామనే అనుకుంటన్నానే," అన్నారు ఒడ్డున కూర్చుని. "మొహానికి తడి తగలగానే మూసుకుపోతన్నాయి. నా మాట ఇనట్లేదు."

ఆ సాయంత్రమే గాలి లేచింది. మర్నాడు ఎర్రజెండా కట్టి ఎవరినీ దిగనివ్వలేదు. ఆ మర్నాడూ అంతే. తిరుగు ప్రయాణం టికెట్లు చేతిలో ఉన్నాయి, మార్చుకున్నా ఇక ఆగే చూపు లేదు. ఆ రోజు ఉదయం నా మొహం అనుకుని కిటికీ వైపు తిరిగి మాట్లాడారు. లాడ్జి స్నానాల గదిలో బకెట్టు నిండా నీళ్ళు పట్టి, మాస్కు పెట్టించి, మొహం ముంచి అలవాటు చేయించాను. "తెరవండి అత్తయ్యా, ఒక్కసారి తెరవండి," అని బతిమాలాను. కసిరాను కూడా. ముంచినప్పుడల్లా మూసుకుపోయేవి. పైకి లేచి, ఎప్పుడూ ఏడవని మనిషి, బకెట్టు అంచు పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చారు. "ఇంత దూరం మోసుకొచ్చారే నన్ను. గుడ్డిదాన్నయ్యాక చూద్దామన్నా ఉండదే," అన్నారు. నాకు చేతనైంది ఒకటే. గ్లాసు ఇచ్చి ముందు కాసిని నీళ్ళు తాగమన్నాను. గదిలో మా ఆయన సంచులు సర్దుతున్న చప్పుడు ఆగిపోయింది.

వెళ్ళిపోయే రోజు తెల్లారి చూస్తే గాలి లేదు. ఓడ పది గంటలకి. గైడు వచ్చి చూసి, లోతుకి వద్దు, ఒడ్డునే మొలలోతులో అయితే కాసేపు దిగవచ్చన్నాడు. అక్కడ పగడాలు లేవు, రంగు చేపలూ లేవు, ఉన్నది ఉత్త ఇసుక. ఆ మాట నేను అత్తయ్యకి చెప్పలేదు.

ఆవిడ మాస్కు, గొట్టం పెట్టుకుని వంగారు. నేనూ వంగి పక్కనుంచి చూస్తున్నాను. కళ్ళు మూతపడ్డాయి. ఎప్పటిలాగే. కాసేపటికి ఆవిడ చేతులు కిందికి దిగాయి. కొల్లేట్లో దిగినట్టే, వేళ్ళు విప్పి, ఇసుక తడుముతూ నెమ్మదిగా ముందుకి కదిలాయి. పట్టడానికి కాదు, ఇంకేం చెయ్యాలో తోచక. అక్కడ సముద్ర దోసకాయ అనే జంతువు ఒకటి ఇసుకలో పడుంది. జానెడు పొడవు, మెత్తగా, గరుగ్గా, తల ఏదో తోక ఏదో తెలియకుండా. ఆవిడ చెయ్యి దాని మీద పడింది, ఆగింది, అటూ ఇటూ తడిమింది. మొప్ప లేదు, రెక్క లేదు, పొలుసు లేదు. అరవై ఏళ్ళ ఆ చేతులకి అది ఏమిటో తెలియలేదు.

మా అత్తయ్య కళ్ళు తెరిచారు.

గైడు వెనకనుంచి ముట్టుకోవద్దని హిందీలో అరుస్తున్నాడు. ఆవిడ దాన్ని ఎప్పుడో వదిలేశారు. ఉన్న కాస్త చూపుతో తల నెమ్మదిగా అటూ ఇటూ తిప్పుతూ వెతుక్కుంటున్నారు. పొద్దుటి ఎండ నీళ్ళలోంచి దిగి, ఇసుక మీద వల పరిచినట్టు కదులుతోంది. ఆ వెలుగు గళ్ళు ఆవిడ చేతుల మీదికి ఎక్కి, దిగి, మళ్ళీ ఎక్కుతున్నాయి. ఎంతసేపు అలా ఉన్నారో నేను చూసుకోలేదు.

లేచి నిలబడి, నోట్లో గొట్టం తీసేశారు. "ఎలుతురే! అమ్మాయ్, లోపల ఎలుతురుందే! పైనుంచి దిగుతందే. బురదనీళ్ళల్లో కూడా కొంచెమన్నా దిగుద్ది గదా?"

"దిగుతుందండీ," అన్నాను. "తప్పకుండా దిగుతుంది."

ఆవిడ నవ్వుతున్నారు. నవ్వుతూనే ఆగిపోయారు. మొహంలో ఏదో మారింది. నా చెయ్యి పట్టుకున్నారు.

"మరి ఆయన మూసుకునే ఉండుంటారు గదే," అన్నారు చిన్నగా. "ఎలుతురు ఉందనీ తెలీదు ఆయనకి. మాకెవరికీ తెరవడం రాదు గదా."

ఏం చెబుతాను? ఏ డాక్టరుని అడగను, ఏ ఏజెంటుకి ఫోన్ చెయ్యను? నీళ్ళలో నిలబడి ఇద్దరం ఏడ్చాం. జెట్టీ దగ్గర ఓడ కూత వేసింది.

అత్తయ్య ఒడ్డు వైపు తిరిగారు. కొడుకు ఎక్కడున్నాడో ఆవిడకి కనిపించదు. "ఒరే నాన్నా!" అని గాలిలోకి పిలిచారు. సంచుల పక్కన నిలబడ్డ మా ఆయన ఉలిక్కిపడ్డారు. "ఇలా రారా. నీళ్ళల్లోకి రా."

ఆయన కదల్లేదు. ఆవిడ మళ్ళీ పిలవలేదు, అలాగే చెయ్యి చాపి నిలబడ్డారు. ఆయన బూట్లతోనే దిగారు. మోకాళ్ళ దాకా వచ్చి ఆగారు, మళ్ళీ నడిచారు. అత్తయ్య తన మొహానికున్న మాస్కు తీశారు. "ఇంకాసేపు మీరు చూడండత్తయ్యా, మళ్ళీ మీకు..." అని నేను అంటూనే ఉన్నాను. ఆవిడ వినిపించుకోలేదు. దాన్ని తడుముకుంటూ కొడుకు మొహానికి పెట్టి, పట్టీ తల వెనక్కి లాగి, చిన్నప్పుడు తల దువ్వినట్టు జుట్టు సర్దారు. మెడ మీద చెయ్యి వేసి వంచారు.

మా ఆయన మొహం నీళ్ళలోకి వెళ్ళింది. అత్తయ్య ఆయన మీదికి వంగారు. ఎక్కడో చూస్తున్న కళ్ళతో, నీళ్ళలో ఉన్నవాడు జవాబు చెప్పలేడని కూడా మర్చిపోయి, అడుగుతూనే ఉన్నారు.

"తెరిచావా? నాన్నా, కళ్ళు తెరిచావా?"